స్టీవ్ విట్‌మన్

స్టీవ్ విట్‌మన్ (ఏప్రిల్ 5, 1904 – ఏప్రిల్ 27, 1995) అమెరికాకు చెందిన విమాన చోదకుడు, విమాన నిర్మాత, వైమానిక పందెగాడు. పూర్తిపేరు సిల్వెస్టర్ జోసెఫ్ విట్‌మన్. ఔత్సాహికులు తమ ఇంటివద్దనో, చిన్న షెడ్డులోనో స్వయంగా కట్టుకొనే తేలికపాటి విమానాల చరిత్రలో ఈయన పేరు ముందువరుసలో ఉంటుంది. చిన్న విమానాల ల్యాండింగ్ గేరు (నేలమీద విమానాన్ని మోసే చక్రాలు, కాళ్ళ అమరిక) కోసం ఈయన రూపొందించిన ఉక్కు కమాను పద్ధతి సెస్నా కంపెనీ ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్ విమానాశ్రయానికి ఈయన గౌరవార్థం విట్‌మన్ ప్రాంతీయ విమానాశ్రయం అని పేరు పెట్టారు.

తొలి జీవితం

విట్‌మన్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని బైరన్ అనే గ్రామీణ ప్రాంతంలో జన్మించాడు. పసితనంలో వచ్చిన జబ్బువల్ల ఒక కంటిచూపు చాలావరకు పోయింది. అందువల్ల విమానం నడపాలన్న తన కోరిక నెరవేరదని చిన్నతనంలో అనుకొనేవాడు. అయినా 1924లో స్టాండర్డ్ జె-1 అనే రెండు రెక్కల విమానం మీద నడపడం నేర్చుకున్నాడు. అదే సంవత్సరం చివరలో హార్లీ-డేవిడ్‌సన్ మోటారు సైకిలు ఇంజనుతో తన మొదటి విమానాన్ని తయారుచేశాడు. ఆ ఇంజను పేరును హాస్యంగా తిప్పి దానికి హార్డ్‌లీ ఏబుల్‌సన్ అని పేరుపెట్టాడు.

1925 నుండి 1927 వరకు జనాన్ని డబ్బు తీసుకొని విమానమెక్కించి తిప్పే చిన్న వ్యాపారం నడిపాడు. 1926లో మిల్వాకీలో తన మొదటి వైమానిక పందెంలో పాల్గొన్నాడు. 1928లో న్యూయార్కు నుండి లాస్ ఏంజిల్స్ వరకు జరిగిన పందెంలో ఫెజంట్ హెచ్-10 విమానాన్ని నడిపాడు. ఆ విమానాన్ని తయారుచేసిన కంపెనీకి పరీక్షా చోదకుడిగా కూడా పనిచేశాడు.

ఓష్‌కోష్ విమానాశ్రయంలో

1931లో విట్‌మన్ ఓష్‌కోష్ విమానాశ్రయానికి మేనేజరు అయ్యాడు. 1969 వరకు, అనగా 38 సంవత్సరాల పాటు, ఆ బాధ్యతలో కొనసాగాడు. ఆ కాలంలో ఆయన విమానాలకు ఈ విమానాశ్రయంలోని హ్యాంగరే కర్మాగారం. పెద్ద కంపెనీల వలె ఇంజనీర్ల బృందం గాని, ప్రయోగశాలలు గాని ఆయనకు లేవు. తానే గీసి, తానే కట్టి, తానే ఎగిరి, లోపం కనిపిస్తే తానే విప్పి మార్చేవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన సంస్థ ప్రభుత్వ పథకం క్రింద పౌరులకు విమాన చోదకత్వంలో శిక్షణనిచ్చింది.

పందెపు విమానాలు

1931లో విట్‌మన్ తన మొదటి పందెపు విమానం చీఫ్ ఓష్‌కోష్‌ను నిర్మించాడు. ఆ తరువాత కర్టిస్ డి-12 ఇంజనుతో బాంజో అనే పెద్ద పందెపు విమానాన్ని కట్టాడు. 1935లో ప్రఖ్యాత థాంప్సన్ ట్రోఫీ పందెంలో దీనిమీద రెండవ స్థానం పొందాడు. 1937లో అదే పందెంలో గంటకు 440 కి.మీ.కు పైగా వేగంతో సగందూరం వరకు అందరికంటే ముందున్నాడు. అప్పుడు ఇంజను సరిగా నడవకపోవడంతో వేగం తగ్గించుకొని, ఐదవ స్థానంతో పందెం పూర్తిచేశాడు.

యుద్ధం తరువాత చిన్న ఇంజన్ల తరగతిలో పందెాలు ప్రారంభమయ్యాయి. పాత చీఫ్ ఓష్‌కోష్ భాగాలతో విట్‌మన్ బస్టర్ అనే విమానాన్ని తయారుచేశాడు. 1947లో క్లీవ్‌లాండులో జరిగిన మొట్టమొదటి గుడ్‌ఇయర్ ట్రోఫీని ఈ విమానం మీద బిల్ బ్రెన్నాండ్ గెలుచుకున్నాడు. 1954లో పందెాలనుండి విరమించిన బస్టర్ తరువాత అమెరికా జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం సేకరణలో చేరింది.

ల్యాండింగ్ గేరు సమస్య

విట్‌మన్ కృషిని అర్థం చేసుకోవటానికి అప్పటి ల్యాండింగ్ గేర్ల స్థితి తెలియాలి. విమానం నేలను తాకేటప్పుడు ముందుకు పోయే వేగంతో పాటు క్రిందికి దిగే వేగం కూడా కొంత ఉంటుంది. రన్‌వేను తాకిన క్షణంలో ఆ క్రిందివేగపు శక్తినంతటినీ గేరే మింగాలి. తేలికపాటి విమానాల గేరును సాధారణంగా సెకనుకు 2 నుండి 3 మీటర్ల దిగుడు వేగానికి తట్టుకొనేలా రూపొందిస్తారు.

ఉదాహరణకు 600 కిలోల విమానం సెకనుకు 2 మీటర్ల వేగంతో నేలను తాకితే గేరు మింగవలసిన శక్తి 1,200 జౌళ్ళు. అది విమానాన్ని సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడిచిన దానితో సమానం. అదే వేగం 3 మీటర్లయితే శక్తి 2,700 జౌళ్ళు, ఎత్తు సుమారు 46 సెంటీమీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లవుతుంది. కొత్త చోదకుడు చేసే చిన్న పొరపాటు కూడా గేరుకు పెద్ద దెబ్బ కావటానికి కారణం ఇదే.

ఈ శక్తిని ఎంత దూరంలో మింగితే దెబ్బ అంత తగ్గుతుంది. పై మొదటి ఉదాహరణలో గేరు 20 సెంటీమీటర్లు కుంగితే దెబ్బ బలం సగటున 6,000 న్యూటన్లు, అనగా ఇంచుమించు విమానం బరువుతో సమానం. 5 సెంటీమీటర్లే కుంగితే బలం 24,000 న్యూటన్లకు చేరుతుంది. అంత బలం ముందుగా గేరును, ఆపై ఫ్యూజలేజిని, చివరకు చోదకుడి వెన్నెముకను తాకుతుంది.

1920లలో, 1930లలో చిన్న విమానాలకు మూడు రకాల పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉండేవి.

* రబ్బరు తాళ్ళు: ఉక్కు గొట్టాలతో చేసిన కాళ్ళను కీళ్ళమీద బిగించి, వాటికి సాగే రబ్బరు తాళ్ళను చుట్టేవారు. ఇది చవక, తేలిక. కాని తాళ్ళు ఎండకు, నూనెకు పాడై సాగిపోయేవి. తరచు మార్చవలసి వచ్చేది.
* నూనె-గాలి స్ట్రట్లు: గొట్టంలో నూనె చిన్న రంధ్రం గుండా పోతూ దెబ్బను మింగుతుంది. పనితీరు మేలైనది. కాని సరిగ్గా కోసిన సిలిండర్లు, సీళ్ళు, కీళ్ళు కావాలి. ఒంటరిగా పనిచేసే నిర్మాతకు ఇవి కష్టసాధ్యం.
* బిగుసుకుపోయిన గేరు: కొన్ని పందెపు విమానాలలో బరువు, గాలి నిరోధం తగ్గించటానికి టైర్లనే ఆధారం చేసుకొనేవారు. ల్యాండింగులో దెబ్బ నేరుగా విమానానికే తగిలేది.

మొదటి రెండు పద్ధతులలోనూ గొట్టాలు, తీగలు, కీళ్ళు గాలికి అడ్డుపడి వేగాన్ని తగ్గించేవి. పందెపు విమానానికి ఇది పెద్ద లోటు.

ఉక్కు కమాను గేరు

1930లలో విట్‌మన్ ఈ సమస్యకు చూపిన పరిష్కారం చాలా సరళమైనది. కదిలే భాగాలన్నింటినీ తీసివేసి, కాలునే స్ప్రింగుగా మార్చాడు. బండ్లకు, లారీలకు ఇరుసుమీద వేసే కమాను పట్టీ వంటి వెడల్పైన ఉక్కు పట్టీని వంచి, ఒక కొనను ఫ్యూజలేజి అడుగున బిగించి, రెండవ కొనకు చక్రపు ఇరుసును తగిలించాడు. విమానం దిగినప్పుడు పట్టీ పైకి, బయటికి వంగుతుంది. బరువు తగ్గగానే తిరిగి యథాస్థానానికి వస్తుంది. కీలు లేదు, సీలు లేదు, నూనె లేదు, రబ్బరు తాడు లేదు. పలుచని పట్టీ అంచు గాలికి ఎదురుగా ఉండటం వల్ల నిరోధం కూడా తక్కువ.

అయితే ఈ సరళత ఉచితంగా రాలేదు. మామూలు స్ప్రింగులో బలం సున్నా నుండి క్రమంగా పెరుగుతుంది కనుక చివరి క్షణంలో బలం సగటుకు రెట్టింపవుతుంది. నూనె స్ట్రట్టులో బలం కదలిక పొడవునా ఇంచుమించు సమంగా ఉంటుంది కనుక అంతే దూరంలో అది ఎక్కువ శక్తిని మింగగలదు. అంతకంటే ముఖ్యమైన భేదం మరొకటి ఉంది. నూనె స్ట్రట్టు శక్తిని వేడిగా మార్చివేస్తుంది. ఉక్కు మాత్రం తీసుకున్న దానిలో చాలాభాగం తిరిగి ఇచ్చేస్తుంది. అందువల్ల గట్టిగా దించిన విమానం మళ్ళీ గాలిలోకి ఎగురుతుంది. చక్రాలు ప్రక్కలకు జరిగేటప్పుడు టైర్లు నేలమీద రాచుకోవటం వల్ల కొంత శక్తి ఖర్చవుతుంది గాని, మిగిలినదాన్ని చోదకుడు తన నేర్పుతో సరిచేసుకోవాలి.

మరొక షరతు లోహానికి సంబంధించినది. మెత్తని ఉక్కు ఒకసారి వంగితే అలాగే ఉండిపోతుంది. మితిమీరి గట్టిపరచినది విరుగుతుంది. అందుకే ఇటువంటి కాళ్ళకు క్రోమియం-వనేడియం ఉక్కు వంటి స్ప్రింగు ఉక్కును వాడి, కాల్చి, చల్లార్చి, మరల తగిన వేడిమిలో పదును చేస్తారు. పదును పెట్టిన తరువాత ఆ కాలికి వెల్డింగు చేయరాదు, ఇష్టంవచ్చిన చోట రంధ్రం వేయరాదు. ఉపరితలం మీద లోతైన గీత గాని, తుప్పు తిన్న గుంట గాని ఉంటే అక్కడినుండే పగులు మొదలవుతుంది.

విట్‌మన్ ఈ గేరుకు పేటెంటు పొందాడు. దాని హక్కులను సెస్నా కంపెనీ తీసుకొంది. యుద్ధానంతరం, 1946లో వెలువడిన సెస్నా 120, 140 విమానాలు ఈ ఉక్కు కాళ్ళతోనే వచ్చాయి. తరువాత 170, 180, 190, 195 నమూనాలలోనూ ఇదే పద్ధతిని అనుసరించారు. 1956లో మార్కెట్టులోకి వచ్చిన సెస్నా 172కు తోకచక్రం బదులు ముక్కుచక్రం పెట్టినా, ప్రధాన చక్రాలకు మాత్రం ఉక్కు కమాను కాళ్ళనే ఉంచారు. 1970ల తొలినాళ్ళలో పట్టీ స్థానంలో ఉక్కు గొట్టపు కాళ్ళు వచ్చాయి. సూత్రం మాత్రం అదే. ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో తయారైన విమానం సెస్నా 172. ఇవి 44,000కు పైగా తయారయ్యాయి.

బటర్‌కప్, టెయిల్‌విండ్

పందెాల కోసం కాక, ప్రయాణానికి పనికివచ్చేలా విట్‌మన్ రూపొందించిన తొలి విమానం బటర్‌కప్. 1930ల చివరలో తయారైన ఈ రెండు సీట్ల విమానం తక్కువ వేగంతో దిగగలిగి, వేగంగా ప్రయాణించగలిగేది. ఫెయిర్‌ఛైల్డ్ కంపెనీ దీని ఆధారంగా నాలుగు సీట్ల విమానాన్ని తయారుచేయాలని తలపెట్టింది. కాని యుద్ధం రావటంతో ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

1953లో ఎగిరిన టెయిల్‌విండ్ ఆయన విమానాలలో అత్యంత ప్రసిద్ధమైనది. ఇందులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఫ్యూజలేజి ఉక్కు గొట్టాలతో, రెక్కలు కర్రతో చేసి పైన గుడ్డ కప్పుతారు. ఇంజను చిన్నదే అయినా గంటకు సుమారు 240 కి.మీ. వేగంతో ప్రయాణించగలదు. చక్రాలను లోపలికి ముడుచుకొనే యంత్రాంగం దీనికి లేదు. సన్నని ఉక్కు కాళ్ళు, చక్రాల మీద తొడుగులు ఉంటే స్థిరమైన గేరు వల్ల కలిగే నష్టం కొద్దిపాటిదేనని ఈ విమానం నిరూపించింది. ముడుచుకొనే గేరుకు కావలసిన బరువు, ఖర్చు, దాన్ని దించటం మరచిపోయే ప్రమాదం - ఇవేవీ లేకుండానే వేగం సాధ్యమైంది. విట్‌మన్ దీని ప్లానులను ఔత్సాహికులకు అమ్మాడు. వాటి ఆధారంగా అనేకమంది సొంతంగా టెయిల్‌విండ్‌లను కట్టుకున్నారు. 1960లలో ఆయన ఓల్డ్స్‌మొబైల్ కారుకు చెందిన వి-8 ఇంజనును విమానానికి పనికివచ్చేలా మార్చి టెయిల్‌విండ్‌లో వాడాడు.

కడ్డీ కాళ్ళు

పట్టీ తరువాత విట్‌మన్ మరింత సులభమైన రూపాన్ని వాడుకలోకి తెచ్చాడు. అది పైన లావుగా, క్రిందికి పోనుపోను సన్నబడే గుండ్రని ఉక్కు కడ్డీ. వంపు బలం కాలి మొదట్లో ఎక్కువ, చివర తక్కువ. అందుకు తగినట్టు కడ్డీ సన్నబడటం వల్ల లోహమంతా ఇంచుమించు సమానంగా పనిచేస్తుంది, అనవసరపు బరువు ఉండదు.

రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ రూపొందించి 1971లో ఎగిరించిన ఆర్‌వి-3లోను, దాని తరువాతి ఆర్‌వి-4, ఆర్‌వి-6 వంటి విమానాలలోను ఇటువంటి కడ్డీ కాళ్ళే ఉన్నాయి. తోకచక్రపు ఆర్‌వి-4, ఆర్‌వి-6లలో ఈ కాళ్ళు ఇంజను మౌంటులోని సాకెట్లలో కూర్చుంటాయి. దానివల్ల దెబ్బ బలాన్ని మోయటానికి చోదకుడి పాదాల క్రింద బరువైన పెట్టె వంటి నిర్మాణం అవసరం ఉండదు. ఆర్‌వి శ్రేణి విమానాలు ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా నిర్మితమై ఎగిరాయి.

కడ్డీకి ఒక లోపముంది. పట్టీ ఒకే దిశలో సులభంగా వంగుతుంది. కడ్డీ మాత్రం ముందుకు, వెనుకకు కూడా వంగుతుంది, మెలితిరుగుతుంది. అందువల్ల కొన్ని వేగాలవద్ద చక్రాలు వణుకుతాయి. ఆర్‌వి విమానాలు కట్టుకొనేవారు చాలామంది ఈ వణుకును అణచటానికి కాలి వెంబడి కర్రముక్కను అంటించి గుడ్డతో చుట్టుతారు.

తోకచక్రమా, ముక్కుచక్రమా?

విట్‌మన్ ప్రసిద్ధ నమూనాలు తోకచక్రంతో ఉండేవి. స్వయంగా విమానం కట్టుకొనేవారు నేటికీ ముందుగా తేల్చుకోవలసిన విషయాలలో ఇది ఒకటి.

తోకచక్రపు విమానంలో ప్రధాన చక్రాలు గురుత్వ కేంద్రానికి ముందు ఉంటాయి. తోకచక్రం చిన్నది, తేలికైనది, గాలికి పెద్దగా అడ్డుపడదు. ప్రొపెల్లరు నేలకు ఎత్తుగా ఉంటుంది కనుక గడ్డినేలలకు, ఎగుడుదిగుడు మైదానాలకు అనుకూలం. కాని నేలమీద పరిగెత్తేటప్పుడు విమానం కొంచెం ప్రక్కకు తిరిగితే, వెనుకనున్న బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది. చోదకుడు వెంటనే పాదాలతో సరిదిద్దకపోతే విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు తగలవచ్చు. పైగా ప్రధాన చక్రాలు గట్టిగా తాకితే తోక క్రిందికి దిగి, రెక్కల కోణం పెరిగి, విమానం మళ్ళీ పైకి లేస్తుంది. ఉక్కు కాళ్ళు తిరిగి ఇచ్చే శక్తి దీనికి తోడవుతుంది.

ముక్కుచక్రం ఉంటే ప్రధాన చక్రాలు గురుత్వ కేంద్రానికి వెనుక ఉంటాయి. విమానం తనంతట తానే తిన్నగా పరిగెత్తుతుంది, ముందుచూపు బాగుంటుంది, నేర్చుకోవటం సులభం. అందుకు బదులుగా బరువు, గాలి నిరోధం కొంత పెరుగుతాయి. ముక్కుకాలు అన్నింటికంటే సున్నితమైన భాగం. గుంటలో పడితే అది విరిగి ప్రొపెల్లరు, ఇంజను కూడా దెబ్బతింటాయి.

కాబట్టి అన్నివిధాలా మేలైన గేరు అంటూ ఏదీ లేదు. విమానం దిగబోయే నేల ఎటువంటిది, నడిపేవారి అనుభవమెంత, కట్టేవారి చేతిలో ఉన్న పనిముట్లు ఏమిటి అన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది. విట్‌మన్ తన నేర్పు మీద నమ్మకంతో, యంత్రంలోని చిక్కును తగ్గించి, ఆ భారాన్ని చోదకుడి మీద ఉంచే మార్గాన్ని ఎంచుకున్నాడు. అదే గేరును సెస్నా సాధారణ ప్రజలకు అందించేటప్పుడు ముక్కుచక్రాన్ని జోడించి ఆ భారాన్ని తగ్గించింది.

ఓష్‌కోష్ విమాన సమ్మేళనం

1953లో పాల్ పొబెరెజ్నీ మిల్వాకీ ప్రాంతంలో ప్రయోగాత్మక విమాన సంఘాన్ని స్థాపించాడు. ఈ సంఘం ఏటా జరిపే సమ్మేళనం 1970లో ఓష్‌కోష్‌కు రావటంలో విట్‌మన్ పాత్ర ముఖ్యమైనది. తరువాత ఇది ప్రపంచంలోని అతిపెద్ద విమాన సమ్మేళనాలలో ఒకటిగా ఎదిగింది. ఆ వారం రోజుల్లో వేలాది చిన్న విమానాలు ఒకే చోట దిగుతాయి.

ఉద్యోగ విరమణ తరువాత కూడా విట్‌మన్ ఫోక్స్‌వాగన్ ఇంజన్లతో పోటీపడే ఫార్ములా-వి తరగతి కోసం విమానాన్ని కట్టి పందెాలలో పాల్గొన్నాడు. ఎనభై ఏళ్ళు దాటినా విమానాలు కట్టటం, నడపటం మానలేదు.

మరణం

విట్‌మన్ చలికాలం ఫ్లోరిడాలోని ఒకాలాలో, వేసవి ఓష్‌కోష్‌లో గడిపేవాడు. ఈ రెండు ఊళ్ళ మధ్య ప్రయాణానికి ఆయన కట్టుకున్న విమానానికి వాటి మొదటి అక్షరాలతో ఓ అండ్ ఓ స్పెషల్ అని పేరు. 1995 ఏప్రిల్ 27న ఆయన, భార్య పౌలా ఒకాలా నుండి ఓష్‌కోష్‌కు బయలుదేరారు. దారిలో అలబామా రాష్ట్రంలోని స్టీవెన్‌సన్ సమీపంలో విమానం గాలిలోనే విచ్ఛిన్నమై కూలిపోయింది. ఇద్దరూ మరణించారు. అప్పటికి విట్‌మన్ వయస్సు 91 సంవత్సరాలు.

రెక్క మీది గుడ్డను సరైన పద్ధతిలో అంటించకపోవటం వల్ల అది ఊడివచ్చి, ఎయిలరాన్, రెక్క అదుపులేకుండా కొట్టుకోవటమే ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేలింది. డెబ్బై సంవత్సరాలపాటు విమానాలు కట్టిన నిపుణుడి సొంత విమానంలోనే ఈ లోపం ఏర్పడటం స్వయంనిర్మిత విమానకారులందరినీ కలచివేసింది. అటుతరువాత గుడ్డ, జిగురు, పూత ఒకే పద్ధతికి చెందినవై ఉండాలని, తయారీదారు సూచనలను తప్పక పాటించాలని కొత్త నిర్మాతలకు చెప్పేటప్పుడు ఈ ప్రమాదాన్ని ఉదాహరణగా చూపుతూ వచ్చారు.

ప్రభావం

విట్‌మన్ గేరును చూడటానికి ఓష్‌కోష్ దాకా పోనవసరం లేదు. హైదరాబాదులోని బేగంపేటతో సహా భారతదేశంలోని అనేక శిక్షణ కేంద్రాలలో వాడిన సెస్నా 152, 172 విమానాల ప్రధాన కాళ్ళు ఆ ఆలోచన సంతతే. శిక్షణార్థి ఎన్నిసార్లు గట్టిగా దించినా వంగి, తిరిగి లేచే గుణం వల్లనే శిక్షణకు ఇవి ఎంతో అనువైనవిగా పేరుపొందాయి. విమానశాస్త్రంలో భాగాలను చేర్చటం ద్వారానే కాక, తీసివేయటం ద్వారా కూడా అభివృద్ధి సాధ్యమనటానికి ఈయన ఉక్కు కాలు మంచి ఉదాహరణ.

విశేషాలు

* విట్‌మన్ మొదటి విమానానికి మోటారు సైకిలు ఇంజను, టెయిల్‌విండ్‌లలో ఒకదానికి కారు ఇంజను వాడాడు.
* 1930ల చివరలో ఆయనకు లూయీ బ్లెరియో పతకం లభించింది.
* ఆయన పందెపు విమానం బాంజో ఓష్‌కోష్‌లోని ప్రయోగాత్మక విమాన సంఘపు మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచబడింది.
* ఒక కంటిచూపు చాలావరకు లేకపోయినా ఆయన సుమారు ఏడు దశాబ్దాలపాటు విమానాలు నడిపాడు.